బాస్వర్త్–టాలర్ నిఘంటువు: ఒక చలికాలమంతా నాతో పేచీ పడ్డ పుస్తకం

మా మనవరాలికి ఏడేళ్ళు. నవంబరులో ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, తడిసిన సాక్సులు విప్పుకుంటూ అడిగింది: "అమ్మమ్మా, బోల్డ్, కోల్డ్, ఓల్డ్ మూడూ ఒకేలా ఎందుకు మోగుతాయి?"

"ఏదో, అలా కుదిరింది" అనబోయి నాలుక కరుచుకున్నాను. ముప్పై మూడేళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని. ప్రాస తప్పితే పిల్లల్ని నిలబెట్టినదాన్ని. ఇప్పుడు ప్రాస ఎందుకు కుదిరిందని ఒక పిల్ల అడిగితే తప్పించుకుంటే ఎలా? పైగా దానికి ఆ మొదటి మాట మీద ఇంకో గందరగోళం ఉంది. నేను రోజుకి పదిసార్లు "అబ్బ, బోల్డు చలి" అంటుంటాను కదా, చలికి ధైర్యం ఎక్కువని అర్థం అనుకుందట ఇన్నాళ్ళూ.

ఆరు నెలలు ఉండి వెళ్దామని ఇంగ్లండులో, ఎసెక్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి వచ్చాను. నాకు అరవై ఆరు. పగలంతా ఇంట్లో నేనూ, గోడకున్న హీటరూ. ఫోన్లో మామూలు ఇంగ్లీషు నిఘంటువు తీస్తే కోల్డ్ అనే మాట చివర "పాత ఇంగ్లీషు చెయల్డ్ నుంచి" అని ఒక ముక్క పడేసి వెళ్ళిపోయింది. ఆ చెయల్డ్ ఎవరి బిడ్డ, ఎక్కడ తిరిగింది, ఏం తిన్నది, ఒక్క వివరమూ లేదు. అలా వెతుక్కుంటూ వెళ్ళి బాస్వర్త్–టాలర్ ఆంగ్లో–శాక్సన్ నిఘంటువు మీద పడ్డాను. ఆంగ్లో–శాక్సన్ అంటే వెయ్యేళ్ళ కిందటి ఆ పాత ఇంగ్లీషుకే ఇంకో పేరు. మార్చి దాటినా దాన్ని వదల్లేదు. ఇన్నాళ్ళు వాడాను కాబట్టి దాని మంచీ చెడ్డా చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

ఇది ఎవరి పుస్తకమో ముందు చెప్పాలి. జోసెఫ్ బాస్వర్త్ ఒక చర్చి గురువు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్లో–శాక్సన్ ఆచార్యుడు. 1838లో మొదటి నిఘంటువు వేశారు. దాన్ని పెంచి మళ్ళీ రాస్తూ, పని సగంలో ఉండగానే 1876లో పోయారు. మాంచెస్టర్ ఆచార్యుడు థామస్ నార్త్‌కోట్ టాలర్ ఆ కాగితాల కట్ట అందుకుని 1882 నుంచి 1898 దాకా భాగాలుగా అచ్చు వేయించారు. అంతటితో ఆగక 1921 వరకూ కూర్చుని ఒక అనుబంధ సంపుటం కూడా తెచ్చారు. ఇంకొకరు మొదలుపెట్టిన పనికి నలభై ఏళ్ళ జీవితం ధారపోసిన మనిషి పేరు అట్ట మీద రెండోది. మన బ్రౌను దొర తెలుగు నిఘంటువు 1850ల్లో వచ్చింది. అదీ ఇదీ దాదాపు ఒకే కాలపు దొరల పని కాబట్టి కాబోలు, పేజీ చూడగానే తెలిసిన ముఖంలా అనిపించింది. అదే ఇరుకు అచ్చు, అదే ఓపిక.

మూల సంపుటం 1300 పైచిలుకు పేజీలు. లైబ్రరీలో ఒకసారి చేతుల్లోకి తీసుకుని, మణికట్టు సంగతి గుర్తొచ్చి మెల్లగా పెట్టేశాను. అదృష్టం ఏమిటంటే మొత్తం పుస్తకాన్ని స్కాన్ చేసి, టైపు చేసి, దిద్ది ఆన్‌లైన్‌లో పెట్టారు. ప్రాగ్‌లోని చార్ల్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు నడుపుతున్నారు. డబ్బు కట్టక్కర్లేదు. టైపులో అనుమానం వస్తే అచ్చు పేజీ బొమ్మ కూడా తెరిచి సరిచూసుకోవచ్చు. తప్పులు అక్కడక్కడా ఉన్నాయి కాబట్టి నేను చాలాసార్లు తెరిచాను కూడా.

మొదటి రోజు చేతికి ఏమీ దొరకలేదు. వాళ్ళ అక్షరాలు వేరు. "అ", "ఎ" రెండూ అతుక్కుపోయినట్టుండే ఒక అక్షరం ఉంది, దాని పేరు ఆష్. ఇంగ్లీషు "థింక్" మొదట్లో వచ్చే ధ్వనికి థోర్న్ అని ఒకటి, ఎథ్ అని ఇంకోటి, రెండూ ఒకే ధ్వనికి ఇష్టమొచ్చినట్టు వాడుకున్నారు పాత రాయసగాళ్ళు. ఆష్ దగ్గర నాకు చిన్న ఆనందం దొరికింది. ఆ ధ్వని మన నోట్లో ఉంది. "వాడు వచ్చాడు" అని మామూలుగా అనండి, "చ్చా" దగ్గర వచ్చేది అదే. బళ్ళో ఏళ్ళ తరబడి పిల్లలకి చెప్పాను, ఇది పలుకుతాం గాని దీనికి మనకి అక్షరం లేదర్రా అని. వెయ్యేళ్ళ కిందట చలిలో కూర్చుని తోలు మీద రాసుకున్న వీళ్ళకి అక్షరం ఉంది! కొంచెం అసూయ కలిగింది.

ఇక ప్రాస సంగతి. నిఘంటువులో మూడు మాటలూ బెయల్డ్, చెయల్డ్, ఎయల్డ్ అని ఉన్నాయి. తెలుగులో ఇంతకంటే దగ్గరగా రాయలేను. ప్రతి పదం పక్కనే వేరే రూపం కూడా ఉంటుంది: బల్డ్, కల్డ్, అల్డ్. మొదట వీటిని అచ్చుతప్పుల్లా దాటేశాను. అసలు కీలకం అక్కడే ఉంది. దక్షిణాన, వెస్సెక్స్ వైపు వాళ్ళ నోట్లో ఆష్ అచ్చు, పక్కన "ల్", దాని వెనక ఇంకో హల్లు ఉంటే రెండుగా విరిగి "ఎయ" అయింది. మధ్య, ఉత్తర ప్రాంతాల వాళ్ళు విరవకుండా "అ" అన్నారు. ఈనాటి ఇంగ్లీషుకి వచ్చింది ఈ రెండో రకం. "ల్డ్" ముందు ఆ "అ" సాగి "ఆ" అయింది, ఆ తర్వాత దక్షిణ, మధ్య ప్రాంతాల్లో దీర్ఘమైన "ఆ" అంతా "ఓ" వైపు జరిగింది. స్టాన్ అనే రాయి స్టోన్ అయింది, హామ్ అనే ఇల్లు హోమ్ అయింది, బాన్ అనే ఎముక బోన్ అయింది. వాటితోపాటే మన ముగ్గురూ. స్కాట్లండు మాత్రం ఆ వరసలోకి రాలేదు. అక్కడ ఇప్పటికీ ఆల్డ్, కాల్డ్, బాల్డ్ వినిపిస్తాయి.

దీనివల్ల ఇంకో చిక్కు విడింది. లండన్ వెళ్ళే రైల్లో చాడ్‌వెల్ హీత్ అని ఒక స్టేషను వస్తుంది. చాడ్ అనే సాధువు పేరున్న బావి కాబోలని అనుకునేవాళ్ళూ ఉన్నారు. కాదు, అది చెయల్డ్ వెల్, చల్లని ఊట. ఎసెక్స్ అంటేనే తూర్పు శాక్సన్‌ల సీమ, వాళ్ళ నోట్లో "చ" ఉంది. అదే పేరు పై ప్రాంతాల్లో కాల్డ్‌వెల్. కేంబ్రిడ్జ్ దగ్గర కాల్డికోట్ అని ఊరుంది, దానర్థం చలి గుడిసెలు. పేరు పెట్టినవాళ్ళు అందులో పడుకుని ఉంటారు, లేకపోతే అంత కచ్చితంగా పెట్టరు.

ఇంతవరకూ నిఘంటువుకి దండం పెట్టాను. గొడవ అర్థాల దగ్గర మొదలైంది.

చెయల్డ్ ఎదురుగా "కోల్డ్" అని ఒక మాట, పక్కన లాటిన్‌లో ఫ్రిగిడస్ అని ఇంకో మాట. అంతే. ఇది అర్థమా? తెలుగువాళ్ళని అడగండి. మనకి చలి వేరు, చల్లదనం వేరు. చలి ముడుచుకునేలా చేస్తుంది, చల్లదనం కోసం ఎండలో చెట్టు కింద నిలబడతాం. "చల్లగా ఉండు తల్లీ" అని దీవిస్తాం. "కడుపు చల్లగా" అంటాం. చెయల్డ్ చూసి నేను మొదట అలాగే, కాస్త హాయిగా ఊహించుకున్నాను. తర్వాత కింద ఇచ్చిన ఉదాహరణలు ఒక్కొక్కటీ చదివితే నా హాయి దిగిపోయింది. ఒక నావికుడి పాటలో, చలి సంకెళ్ళలా కాళ్ళని బిగించిందని చెబుతాడు. వడగళ్ళని "గింజల్లో అతి చల్లనిది" అంటాడు. పొలంలో గింజ రాలాలి, ఆకాశం నుంచి ఇది రాలుతోంది అన్నమాట. బెయోవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు వీరగాథలో దుఃఖం నిండిన దండయాత్రలకి "చల్లని" అనే విశేషణం వేశారు. అక్కడ చల్లనిదంటే చావు వాసన ఉన్నది. దీవెన అసలు లేదు. నేను దీవించినట్టు అక్కడ ఎవరినైనా దీవిస్తే కత్తి తీసేవాళ్ళేమో.

అందుకే చెబుతున్నాను, ఈ నిఘంటువు విలువ దాని అర్థాల్లో లేదు, ఉదాహరణల్లో ఉంది. పైవరస చదివి మూసేసేవాళ్ళకి ఇది దండగ. కిందికి దిగాలి. బాస్వర్త్, టాలర్ ఇద్దరూ ప్రతి పదానికీ పాత వాక్యాలు ఎత్తి రాసి, పక్కన ఇంగ్లీషు అనువాదం ఇచ్చారు. ఆ వాక్యాలే బళ్ళో పాఠం, ఆ పై వరస హాజరు పట్టీ.

చెయల్డ్‌కి చుట్టాలు బోలెడు. చీలె అంటే చలిగాలి వంటి చలి, అది ఇప్పటి చిల్. కోల్ అంటే కాస్త చల్లన, ఇప్పటి కూల్. ఈస్‌చెయల్డ్ మంచుగడ్డంత చలి, హ్రీమ్‌చెయల్డ్ నూగుమంచంత చలి. ఈ రెండూ ఎక్కువగా సముద్రానికే వేశారు. మంచుగడ్డ గురించి ఒక పాత రూన్ పద్యం (రూన్లంటే వాళ్ళ పాత లిపి అక్షరాలు) "మితిమీరి చల్లన, అంతులేని జారుడు" అంటుంది. జనవరిలో వాకిట్లో పాల సీసా తేబోయి నడుం పట్టేశాక ఆ పద్యం కట్టినవాడి మీద గౌరవం పెరిగింది.

చలి దగ్గరే ఇంకో కథ చెప్పి ముందుకెళ్తాను, నిఘంటువుకి నేరుగా సంబంధం లేదు గాని ఆ మాట కోసం వెతుకుతూ చదివినదే. బీడ్ అనే సన్యాసి 731లో ముగించిన చరిత్రలో డ్రిత్‌హెల్మ్ అనే మనిషి ఉంటాడు. చచ్చిపోయి బతికి వచ్చి, ఒక లోయ చూశానన్నాడు. ఒక పక్క మంటలు, రెండో పక్క వడగళ్ళు, మంచు. ఆత్మలు వేడి ఓర్వలేక చలిలోకి, చలి ఓర్వలేక వేడిలోకి దూకుతుంటాయట. ఆ తర్వాత మెల్‌రోజ్ మఠంలో చేరి, చలికాలం ఏటిలో మంచుపెళ్ళలు చుట్టూ తేలుతుంటే మెడదాకా దిగి ప్రార్థన చేసేవాడు. "ఇంత చలి ఎలా ఓరుస్తున్నావయ్యా" అని జనం అడిగితే ఒకటే జవాబు: "ఇంతకన్నా చల్లనిది చూశాను." ముసలితనం వచ్చేదాకా అలాగే చేశాడట. మనవరాలు అడిగిన మూడు మాటలూ ఈ ఒక్క మనిషిలో ఉన్నాయి. దానికి ఈ కథ చెబితే "ఆయనకి జలుబు చెయ్యలేదా" అంది.

ఇప్పుడు బెయల్డ్. తెలుగులో ధైర్యం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. మన సొంతం తెగువ, అంటే తెంచుకోవడం. ఇల్లూ భయమూ తెంచుకుంటే తెగింపు, సిగ్గు కూడా తెంచుకుంటే బరితెగింపు. ఎక్కడ తెంచామన్నదాన్నిబట్టి మెప్పో తిట్టో. పాత ఇంగ్లీషులోనూ ఇదే తకరారు. బెయల్డ్ అంటే ధైర్యం, నమ్మకంతో నిలబడటం. బీల్డన్ అంటే ఇంకొకరికి ధైర్యం నూరిపోయడం. ఆ పక్కనే కేనె ఉంది, అప్పట్లో శూరుడు, ఇప్పుడు కీన్ అయి ఉత్సాహంగా ఉన్నవాడి స్థాయికి దిగింది. డెయోర్ అని ఒక విశేషణం, దానికీ ధైర్యవంతుడనే అర్థం. అదే రూపంలో నామవాచకం ఉంది, అడవి జంతువు. ఆ జంతువే ఇప్పటి డీర్. సింహంలాంటి మాట జింక దగ్గర ఆగింది.

అన్నిటికన్నా నాకు నచ్చింది మోడిగ్. మోడ్ అంటే మనసు, గుండె. మోడిగ్ అంటే గుండె ఉన్నవాడు, వీరుడు. అది ఈనాటి మూడీ! మూతి ముడుచుకుని గదిలో కూర్చునేవాడు. అంతేకాదు, ఆ రోజుల్లోనే ఈ మాటకి రెండు ముఖాలున్నాయి. వీరగాథలు కట్టే కవి నోట మోడిగ్ మెప్పు. చర్చిలో ప్రసంగించే గురువు నోట అదే గర్వం, పాపాల జాబితాలో పెద్దది. నిఘంటువు రెంటినీ వేరువేరు అంకెలు వేసి ఇచ్చింది, అందుకు మెచ్చుకోవాలి.

ఈ తేడా మీద ఒక యుద్ధమే ఉంది. 991లో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర వైకింగులు, అంటే సముద్రం దాటి వచ్చిన స్కాండినేవియా దోపిడీగాళ్ళు, ఏటి నడుమ దీవిలో దిగారు. దీవికీ ఒడ్డుకీ మధ్య ఒక సన్నటి దారి, పోటు వస్తే మునిగిపోతుంది. అక్కడ నిలబడితే ముగ్గురు మనుషులు సైన్యాన్ని ఆపగలరు, ఆపారు కూడా. బ్యుర్హ్ట్‌నోథ్ అనే నాయకుడు మాత్రం, దాటి రండి, సమంగా పోరాడదాం అని శత్రువుకి దారి ఇచ్చేశాడు. ఓడిపోయాడు, చచ్చిపోయాడు. ఆ యుద్ధం మీద కట్టిన పద్యంలో కవి ఆ పని "ఓవర్‌మోడ్" వల్ల చేశాడన్నాడు. ఓవర్ అంటే మితిమీరిన. మితిమీరిన ధైర్యమా? మితిమీరిన గర్వమా? నిఘంటువు గర్వం వైపు మొగ్గుతుంది. పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. నన్నడిగితే తెలుగులో "పొగరు" అనే మాట అచ్చంగా సరిపోతుంది. పొగరులో మెప్పూ ఉంది, దెప్పూ ఉంది. పొగరున్న కోడె అంటే కొనేవాడు సంతోషిస్తాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం "ఆ చోటు చూడాలి బాబూ" అంటే మా అల్లుడు కారులో తీసుకెళ్ళాడు. నార్తీ దీవి అంటారు. బురద, పక్షులు, ఆ సన్నటి దారి. మేం ఉండగానే పోటు మొదలై దారి అంచులు తడవడం చూశాం. ఊళ్ళో ఏటి ఒడ్డున బ్యుర్హ్ట్‌నోథ్ విగ్రహం ఉంది, 2006లో పెట్టారు. కత్తి ఎత్తి నీళ్ళ వైపు చూస్తున్నాడు. అల్లుడు చేతులు రుద్దుకుంటూ, "అత్తయ్యగారూ, దారి ఇవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు. వెయ్యేళ్ళ వాదం ఒక్క ముక్కలో తేల్చి కారెక్కాడు.

అదే పద్యం చివర నాయకుడు పడిపోయాక బ్యుర్హ్ట్‌వొల్డ్ అనే అనుచరుడు లేచి మాట్లాడతాడు. కవి అతన్ని "ఎయల్డ్" అంటాడు, ముసలి అనుచరుడు. తర్వాతి పంక్తిలోనే అతను "బల్డ్‌లీచె" మాట్లాడాడంటాడు, ధైర్యంగా. మన బలం తగ్గేకొద్దీ మనసు గట్టిపడాలి అని అతని మాట. ఎయల్డ్, బల్డ్ పక్కపక్క పంక్తుల్లో! ఉదాహరణల్లో ఇది తగిలిన రోజు నేను హీటరు పక్కనుంచి లేచి గది అంతా ఒకసారి తిరిగాను. ఎవరికి చెప్పను? ఇంట్లో ఎవరూ లేరు.

ఎయల్డ్ నా సొంత మాట కాబట్టి దాని దగ్గర ఎక్కువ కాలం గడిపాను. మనం వస్తువుకి పాత అంటాం, మనిషికి ముసలి అంటాం. "పాత మామ్మగారు" అంటే కొత్త మామ్మగారు వచ్చారా అని అడుగుతారు. వాళ్ళకి ఆ గీత లేదు. కత్తీ ఎయల్డే, మనిషీ ఎయల్డే. పాత కత్తి అంటే మంచి కత్తి, ఎన్నో దెబ్బలకి ఓర్చినది. బెయోవుల్ఫ్‌లో రాక్షసుల కాలపు పాత కత్తే నాయకుణ్ణి కాపాడుతుంది. ఇంకోచోట ముసలివాడికి వాడే గమొల్ అనే మాటనే కత్తికి వేశారు, ఆ కత్తి మాత్రం విరుగుతుంది. గమొల్ ఇంగ్లీషులో చచ్చిపోయింది, సముద్రం అవతల స్కాండినేవియాలో బతికి ఉంది. ఫ్రోడ్ అని ఇంకోటి, ముసలీ తెలివీ ఒకే మాటలో. హార్ అంటే నెరిసిన. ఆ మాటకి జర్మనీలో ఉన్న చుట్టం నుంచే హెర్ వచ్చింది, అంటే వాళ్ళ "అయ్యగారు" మొదట్లో "మరింత నెరిసినాయన".

ఎయల్డ్ నుంచి ఎయల్డొర్ వచ్చింది. దానికి నిఘంటువు "నాయకుడు, రాజు" అని రాసింది. తెలుగులో చెప్పాలంటే ఒక్క మాట చాలు: పెద్ద. ఊరి పెద్ద, ఇంటి పెద్ద, పెద్దాయన. వయసూ అధికారమూ మనకి ఎలా అతుక్కుని ఉన్నాయో అక్కడా అంతే. బ్యుర్హ్ట్‌నోథ్ ఉద్యోగం పేరే ఎయల్డొర్‌మన్, పెద్దమనిషి. ఇప్పటి ఆల్డర్‌మన్ అదే. ఇంగ్లీషు అర్థాలు పది చదివినా తెగని ముడి మన మాట ఒకటి తగలగానే విడిపోయిన సందర్భాలు నాకు ఇలా చాలా వచ్చాయి.

వయసు లెక్క కూడా చూడండి. వాళ్ళు ఏళ్ళని చలికాలాలతో లెక్కపెట్టారు. బెయోవుల్ఫ్ కథలో ముసలి రాజు యాభై చలికాలాలు ఏలాడు, డ్రాగన్ మూడు వందల చలికాలాలు నిధి కాపలా కాసింది. నిఘంటువులో వింటర్ అనే మాటకి "ఏడాది" అని విడిగా అర్థం ఉంది. మనం వానలతో లెక్కపెట్టాం, వర్షం అంటే ఏడాది కూడా కదా. ఎవరికి ఏది దాటడం గండమో దాంతో లెక్క. నాకు అరవై ఆరు వర్షాలు, ఒకే ఒక్క వింటర్.

వరల్డ్ అనే మాట పుట్టుక ఇక్కడే తెలిసింది. వెర్ అంటే మనిషి, దానికి ఎయల్డ్ చుట్టమైన "వయసు, కాలం" అనే మాట కలిసింది. లోకం అంటే వాళ్ళ దృష్టిలో మనిషి కాలం. ఇది చదివిన రోజు వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఇక ఫిర్యాదులు. పెద్దది ముందు చెబుతాను. ఉదాహరణ పక్కన ఎక్కడి నుంచి తెచ్చారో సంకేతాల్లో ఉంటుంది, ఆ సంకేతాలు పందొమ్మిదో శతాబ్దపు ముద్రణలకి. ఒకే పంక్తికి ఒక పాత సంపాదకుడి లెక్కలో ఒక అంకె, ఇంకొకరి లెక్కలో దానికి సగం అంకె. ఎందుకంటే మొదటాయన అరపంక్తుల్ని లెక్కపెట్టాడు. ఇది అర్థం కావడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ నిఘంటువే తప్పని తిట్టుకున్నాను.

రెండోది, బాస్వర్త్ చేతి మీదుగా వచ్చిన మొదటి అక్షరాల భాగం బలహీనం. తర్వాతి అక్షరాలు టాలర్ తీరిగ్గా చేశారు, మొదటివాటి లోటు తీర్చడానికే అనుబంధంలో అంత శ్రమ పడ్డారు. నా ఖర్మ ఏమిటంటే బి, సి, ఇ మూడూ ఆ బలహీన భాగంలోవే. కాబట్టి మూల పదం చూసి ఆగొద్దు, అనుబంధం పదం కూడా తప్పకుండా చూడండి. సగం సరుకు అక్కడ ఉంది.

"గె" అనే ఉపసర్గ తగిలించిన మాటలన్నీ జి కింద కుప్ప పోశారు. ఆ కుప్ప ఊళ్ళో చెత్త కుప్పంత ఉంది. లాటిన్ రాని నాకు లాటిన్ అర్థాలు అలంకారమే. ఉచ్చారణ ఎక్కడా చెప్పరు. చెయల్డ్‌లో మొదటి అక్షరం "చ" అని తెలియడానికి వేరే పుస్తకం కావాల్సి వచ్చింది.

ఆ వేరే పుస్తకం క్లార్క్ హాల్ చిన్న నిఘంటువు, మొదటిసారి 1894లో వచ్చింది. పాత ప్రతి తపాలాలో తెప్పించుకుంటే వెన్ను ఊడి రెండు ముక్కలై దిగింది. అమ్మినవాళ్ళు "పురాతనం" అని రాశారు, అందులో అబద్ధం లేదు. చేతిలో ఇమిడే పుస్తకం, వెంటనే అర్థం చెబుతుంది, పద్యాల్లో మాత్రమే దొరికే మాటలకి కటారు గుర్తు (†) వేస్తుంది. ఆ గుర్తు చాలా ఉపయోగం. ఉదాహరణలు మాత్రం దాదాపు లేవు, నా లెక్కలో అది పెద్ద లోటు. ఇక టొరంటోలో కొత్త నిఘంటువు ఒకటి అక్షరక్రమంలో తయారవుతోంది, 2018కి ఐ దాకా వచ్చింది, కాబట్టి మన మూడు మాటలూ అందులో ఉన్నాయి. పద్ధతిలో దానికి సాటి లేదు. కాకపోతే చందా కట్టాలి, ఉచితంగా ఏడాదికి కొన్నిసార్లే తెరవనిస్తారు. నేను ఆ సార్లు దాచుకుని, రేషన్ చక్కెరలా వాడాను.

బాస్వర్త్–టాలర్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి కోసింది ఆ అరపంక్తుల రెండు వారాలకి. పరీక్షలకి చదివే పిల్లలకి క్లార్క్ హాల్ చాలు. మాట వెంట నడవాలని ఉండి, పగలు ఖాళీ ఉన్నవాళ్ళకి మాత్రం దీనికి మించింది లేదు.

మార్చి నడుమకొచ్చినా పొద్దున కారు అద్దాల మీద నూగుమంచు గీకుతూనే ఉన్నాడు అల్లుడు. పాత సూక్తి పద్యం ఒకటి ఉంది: చలికాలం అతి చల్లన, వసంతం నూగుమంచుల మయం, చలి దానికే ఎక్కువ రోజులు. వీళ్ళ వసంతం సంగతి వీళ్ళకి వెయ్యేళ్ళ కిందటే తెలుసు.

మనవరాలికి ప్రాస జవాబు డిసెంబరులోనే చెప్పేశాను, కాగితం మీద మూడు మాటలూ మూడు అంచెల్లో నడుస్తున్నట్టు బొమ్మ వేసి. దాంతో ఊరుకుంటుందా? హోల్డ్, టోల్డ్, సోల్డ్, ఫోల్డ్ పట్టుకొచ్చింది. అన్నీ వెతికాం. హెయల్డన్, టెయల్డె, సెయల్డె, ఫెయల్డన్. అన్నీ అదే గుంపు, అదే నడక. చివరికి "గోల్డ్?" అంది. జి కింద ఆ గె కుప్ప దాటుకుని వెళ్ళి చూస్తే, అప్పుడూ గోల్డే. విరగలేదు, ఈ గుంపుతో పుట్టుకలో సంబంధమే లేదు, దారిలో కలిసి ప్రాస పంచుకుంది.

"అయితే అది మోసం చేసినట్టా?" అని అడిగింది. కాగితం మీద దానికి విడిగా గడి గీసి, పసుపు రంగు వేసింది.